బామియాన్ ఫొటోలు

సాంబశివరాజు ఎవరి మాటా ఓ పట్టాన నమ్మడు. వాసన చూడనిదే మేతను రొయ్యల చెరువులో చల్లనివ్వడు. కూతురు మంజుష అఫ్గానిస్తాన్ చూడ్డానికి వెళ్తానంటే, భీమవరంలో టూరిస్టు ఆఫీసుకు తానూ వచ్చి కూర్చున్నాడు. ఏజెంటు ఫొటోలు పరిచాడు: బామియాన్‌లో కూల్చేసిన బుద్ధ విగ్రహాల ఖాళీ గూళ్లు, కొండల నడుమ నీలాల సరస్సు. రాజు కళ్లజోడు నుదుటికెత్తి ఒక్కోటీ కంటికి ఆనించుకుని చూశాడు. “ఒక్క ఆడమనిషీ లేదేంటండీ ఇందులో?”

“ఫారిన్ లేడీస్‌ని రానిస్తారండి, భయం లేదు.”

“మరి అక్కడి వాళ్లనో?”

ఏజెంటు తడబడి అక్కడి గైడుకు ఫోన్ కలిపాడు. మంజుష ఇంగ్లీషులో అదే అడిగింది. గైడు, ఇప్పుడు అక్కడి ఆడవాళ్లను సరస్సుకు రానివ్వడం లేదనీ, తన కూతురు దాన్ని చూసి రెండేళ్లయిందనీ చెప్పాడు. మంజుష అది తండ్రికి తెలుగులో చెప్పింది. రాజు గొంతు తగ్గింది.

“ఆ పిల్ల పేరేంటో అడుగమ్మా.”

మంజుష అడిగింది, వింది. తర్వాత వీసాకని బల్లమీద పెట్టిన తన పాస్‌పోర్టు వెనక్కి తీసుకుని లేచింది.