బియ్యపు గింజంత గ్రీజు

ఆ రోజుల్లో నాకు ప్రతిదానికీ ఒక జాబితా ఉండేది. కొత్తగా ఉద్యోగం, ఏలూరులో అద్దెగది, పెదపాడు, గుండుగొలను వైపు చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లకు సర్వీసింగు పని. గది తలుపు వెనక అంటించిన కాగితం మీద కొనాల్సిన సరుకులు, చెయ్యాల్సిన పనులు వరుస అంకెలతో ఉండేవి. ఆదివారం కింద మాత్రం ఎప్పుడూ ఒకటే: "1. బట్టలు ఉతకడం." అది పదిన్నరకల్లా అయిపోయేది. ఆ తరువాత సాయంత్రం దాకా నేనూ, ఫ్యానూ. (కిర్రుమంటోందని దానికి ఆయిల్ వేశాను. అదీ నోరు మూసుకున్నాక గది మరీ నిశ్శబ్దమైపోయింది.)

మా మేనమామ తన పాత కెమెరా, దాని లెన్సు నాకిచ్చాడు. ఫోకసు చేత్తో తిప్పుకునే రకం. ఏళ్ళ తరబడి బీరువాలో ఉండి రింగు బిగుసుకుపోయింది. ఆవకాయ జాడీ మూతతో కుస్తీ పట్టినట్టు పట్టాలి. కొల్లేటిలో గూడబాతులు పిల్లలకు మేత పెడుతున్నాయని విని, అవి వెళ్ళిపోయేలోగా ఆ ఫొటో తీసి పెడతానని హాస్టల్ మిత్రుల గ్రూపులో ప్రకటించాను. ఆ గ్రూపులో అప్పటికి మూడు వారాలుగా ఎవరూ పలకలేదు. నా ప్రకటనకు నాలుగు బొటనవేళ్ళు వచ్చాయి. ఆ నాలుగు వేళ్ళకూ నేను జవాబుదారీ అనుకున్నాను.

కందెన ఎంచుకోవడానికి నోటుబుక్కులో పట్టిక గీశాను. కుట్టుమిషన్ ఆయిల్, కొబ్బరినూనె, ఏరియేటర్ బేరింగు గ్రీజు. పక్కన చిక్కదనం, వేడికి కారే గుణం, వాసన అని గడులు. మొదటిదాని కోసం మా వీధి చివర కుట్టుమిషన్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. వీధిలో అందరూ ఆయన్ని మిషను బాబాయిగారు అనేవారు. దుకాణంలో మూతలు వేసిన మిషన్లు ఏడు, ఖాళీ స్టూలు ఒకటి. నా పట్టికను కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి రెండుసార్లు చదివారు.

"శుభ్రంగా రాశారండీ. ఏవండీ, దీన్లో ఆముదం లేదేం?"

"ఆముదం చిక్కదనం ఎక్కువండి బాబాయిగారూ."

"అలాగా. అయితే ఆయిల్ వేసి చూడండి. టీ తాగుతారా?"

మొదటి ఆదివారం రింగు వెన్నలా తిరిగింది. మధ్యాహ్నం ఎండకు పలచని ఆయిల్ కారి లోపలి అద్దానికి చేరింది. ఫొటోల్లో గూడబాతులు పాలల్లో ఈదుతున్నట్టు వచ్చాయి. అద్దం తుడుచుకుని, రెండో ఆదివారం కొబ్బరినూనె పెట్టాను. రాత్రి గదిలో బ్రహ్మాండంగా తిరిగింది. తెల్లవారి చలిలో పడవెక్కేసరికి, బాత్‌రూములో సీసాలో నూనె ఎలా గడ్డకట్టిందో లెన్సులోనూ అలాగే గడ్డకట్టింది. (నా డిప్లొమాలో ద్రవీభవన స్థానం మీద ఒక పాఠం ఉంది. అందులో నాకు మంచి మార్కులే వచ్చాయి.) మూడో ఆదివారం, నీళ్ళలో కూడా కరగదని నేనే రైతులకు హామీ ఇచ్చే ఏరియేటర్ గ్రీజు. రింగు తిప్పడానికి రెండు చేతులూ, ఒక మోకాలూ కావలసి వచ్చాయి. తల్లి పక్షి సంచిలాంటి ముక్కు తెరిచింది, పిల్ల తల దూర్చింది, తిని బయటికి వచ్చింది, నేనింకా తిప్పుతూనే ఉన్నాను. పడవ నడిపే ఆయన గెడ ఆపి చూశాడు.

"బాబుగారూ, పోనీ మళ్ళీ ఓసారి తినమని చెప్పమంటారా?"

ప్రతి సోమవారం సాయంత్రం ఓటమి కబురు మోసుకుని మిషను బాబాయిగారి దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఆయన శ్రద్ధగా విని, "అయ్యో, గడ్డకట్టేసిందా అండీ" అని టీ తెప్పించేవారు. మంగళవారం పట్టికను సవరించి చూపించడానికి వెళ్ళేవాణ్ణి. బుధవారం సవరణకు సవరణ. వారంలో నా పని మాటలు కాక నేను మాట్లాడే మాటలన్నీ ఆ స్టూలు మీదే.

నాలుగో వారం పడవాయన ఫోన్ చేసి, పక్షులు సగం ఎగిరిపోయాయని చెప్పాడు. నేను పరుగున వెళ్ళి, "బాబాయిగారూ, పట్టికలో ఇంకేమీ మిగల్లేదండి" అన్నాను. నా మొహం చూసి ఆయన సొరుగులోంచి సన్నని స్క్రూడ్రైవరు తీశారు. రింగు విప్పి, మళ్ళీ అక్కడే బిగించడానికి మర చుట్లు మొదలయ్యే చోట సూదితో గీత పెట్టి, లోపల గోధుమరంగు మైనంలా పేరుకున్న పాత జిడ్డును కిరసనాయిల్‌తో, పాత బనీను గుడ్డతో ఓపిగ్గా తీశారు. నేను వేసినవన్నీ ఆ జిడ్డు మీదే వేశాను. ఏది వెయ్యాలో మూడు వారాలు ఆలోచించిన నా పట్టికలో, ముందు పాతది తియ్యాలన్న గడి లేదు. తరువాత మూత మీద పేరు చెరిగిపోయిన డబ్బాలోంచి బియ్యపు గింజంత తెల్ల గ్రీజు పుల్లతో పూశారు. రింగు ఒక్క వేలికి మెత్తగా, నిదానంగా లొంగింది.

"మీకిది ముందే తెలుసా అండి?"

"ఒకప్పుడు గూడెం టౌన్లో ఫొటో స్టూడియోల కెమెరాలన్నీ నేనే చేసేవాణ్ణండి."

"మరి మొదటి రోజే చెప్పలేదేమండీ?"

ఆయన డబ్బా మూత బిగిస్తూ అన్నారు: "చెప్పేస్తే రెండో రోజు ఏం మాట్లాడుకుంటామండీ?"

ఆ ఆదివారం కొల్లేటిలో చెట్లన్నీ తెల్లని రెట్టలతో ఖాళీగా ఉన్నాయి. ఖాళీ గూళ్ళనే ఫొటో తీశాను, ఆకు ఆకూ స్పష్టంగా వచ్చింది. గ్రూపులో పెడితే ఒక్క బొటనవేలు వచ్చింది. సోమవారం ఫొటో చూపించి, టీ తాగాను. మంగళవారం వెళ్ళడానికి పనేమీ కనబడక గదిలోనే కూర్చున్నాను. ఊరికే వెళ్ళవచ్చని అప్పట్లో నాకు తోచలేదు. ఊరికే చేసే పనులకు నా జాబితాలో చోటు లేదు. తరువాత బదిలీ అయి వేరే జిల్లాకు వచ్చేశాను.

లెన్సు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అప్పుడప్పుడూ తీసి, బిగుసుకుందేమోనని ఆశగా తిప్పి చూస్తుంటాను. ఆయన పెట్టిన ఆ గింజంత గ్రీజు ఎంత మంచిదో, ఇన్నేళ్ళయినా మెత్తగానే తిరుగుతోంది. ఏలూరు వెళ్ళడానికి నాకింకా సాకు దొరకలేదు.