మేస్త్రి దిద్దిన నేల

మా మేస్త్రి పోయాడు. మిర్యాలగూడ నుంచి బండలు తోలుకొచ్చే బండివాడు మొన్న సూర్యాపేటలో ఆగి, ఎద్దులను విప్పకుండానే ఆ మాట చెప్పాడు. ఆయన్ను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక తడి నేల.

రెండేళ్ల కింద సర్కారుకు లెవీ వడ్లు కొలవనన్నందుకు నన్నూ, వెట్టికి రానన్నందుకు ఆయన్నూ మిర్యాలగూడ దారిలోని ఒక ఠాణాలో వేశారు. ఆ గదిలో చాప లేదు, దుప్పటి లేదు. వాన పడితే నీళ్లు తలుపు కిందనుంచి లోపలికొచ్చి వెనక గోడ దగ్గర నిలిచేవి. నలుగురం మోకాళ్లు ముడుచుకుని కూర్చునే కునికేవాళ్లం. నాకు చలిజ్వరం పట్టుకుంది. బతుకుతానన్న ఆశ పోయింది.

"గీడ పండు తమ్మీ," అని మేస్త్రి నన్ను తలుపు పక్క మూలకు జరిపి పడుకోబెట్టాడు. "గీ జాగ జర ఎత్తుంటది."

"నీకెట్ల ఎరుకన్నా?"

"గీ నేల ఏసింది నేనే. దొంగలు పండే జాగకు దారమెందుకు, మట్టమెందుకు అనుకున్న. వాలు లోపలికి పోయింది. సూసి గూడ ఊకున్న."

నా జ్వరం తగ్గేదాకా ఆయన ఆ నీళ్ల వైపే కూర్చున్నాడు. నేనివాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన చలవే.

నిజాం పాలన పోయి మేం విడుదలయ్యాక, ఊరంతా పండగ చేసుకుంటుంటే ఈయన తాపీ పట్టుకుని మళ్లీ ఆ ఠాణాకే బయల్దేరాడు. పిచ్చి మనిషి అని నవ్వుతూనే నేనూ వెంట పోయాను.

"ఖైదీలకు గింత సోకెందుకయ్యా?" అన్నాడు ఠాణాకు కొత్తగా వచ్చిన పోలీసు అమీను.

"సోకు గాదు సాబ్. మనిషి పండేంత ఎండిన జాగ."

గచ్చు పెళ్లగించి వాలు బయటికి తిప్పాడు. గోడ పొడవునా జానెడెత్తు అరుగు కట్టాడు. కడవెడు నీళ్లు గుమ్మరిస్తే చుక్క నిలవకుండా బయటికి పోయాయి.

"పండి సూడు తమ్మీ."

ఆ గడప దాటడానికి నాకు కాళ్లు రాలేదు. అయినా పోయి పడుకున్నాను.

"కాళ్లు సాగినయా?"

"సాగినయన్నా."

కంట్లో సున్నం పడ్డదంటూ మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఎవరింట్లో మంచినీళ్లిచ్చినా, తాగగా మిగిలినవి నేల మీద ఒలికించి ఎటు పోతాయో చూసేవాడు. ఆడవాళ్లతో తిట్లు తినేవాడు, నవ్వేవాడు.

మిర్యాలగూడలో ఆయన్ను కాటికి సాగనంపి వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. ఆ ఠాణా చూరు కిందికే చేరాను. పెంకుల సందున లోపలికి కారిన నీళ్లు తలుపు కిందనుంచి బయటికొచ్చి నా చెప్పులు తడిపాయి. ఊచల్లోంచి తొంగిచూశాను. ముక్కూ మొహం తెలియని ఖైదీ ఎవరో అరుగు మీద కాళ్లు బారజాపుకుని, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.