శివరామకృష్ణ గారి మనవరాలికి తాగించబోయిన సోడా

శివరామకృష్ణ గారి మిరపతోట చెట్టునే ఎండి తాలైపోయిందని విన్నప్పుడు నాకు రవ్వంత జాలి కూడా కలగలేదు. ఎందుకు కలగాలి? ఆ పని చేసింది మా పేటలో ఉండే ఆదెమ్మక్క. అక్కడి బడి పంతులమ్మను కాబట్టి నాకు అంతా దగ్గర్నుంచి తెలుసు.

అద్దంకికి పడమట మా ఊరు. పంపు నీళ్లలో ఫ్లోరైడు ఉందని, తాగితే పిల్లలకు గారపళ్లు వస్తాయని అందరికీ తెలుసు. ఆదెమ్మక్క మిరప కోతల ముఠాకు మేస్త్రి, నలభై మంది ఆడవాళ్లు ఆమె మాట మీద నడిచేవాళ్లు. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఒక్కతే సాకింది. పెద్దది జెస్సీకి పంపు నీళ్లు ముట్టనివ్వకుండా, శివరామకృష్ణ గారి ఫ్యాక్టరీ రంగుసోడా కొని తాగించేది. సీసాలో నీళ్లు ఎక్కడో పట్నం నుంచి వస్తాయని ఆమె నమ్మకం. పిచ్చితల్లి!

జెస్సీకి పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. అన్నీ గోధుమరంగు మచ్చలే, ఎంత తోమినా జన్మలో పోనివి. పిల్ల నవ్వడం మానేసింది.

నాకు అనుమానం వచ్చి 2003లో పంపు నీళ్లూ, సోడా సీసా ఒంగోలులో పరీక్ష చేయించాను. ఫ్లోరైడు సోడాలోనే రెండింతలు! ఫ్యాక్టరీ వెనకే ఆయన లోతుగా బోరు వేసుకున్నాడు, సీసాల్లో పోసేది ఆ నీళ్లే. ఆ సంగతి ఆదెమ్మక్కకు చెప్పాను.

"నా చేత్తోనే పోశాను కదమ్మా! మరి చిన్నదో?"

చిన్నది రెబ్కాకు నాలుగేళ్లు. "దాని అసలు పళ్లు ఇంకా చిగుళ్ల లోపలే తయారవుతున్నాయక్కా. ఇప్పట్నుంచైనా మంచినీళ్లు పడితే చాలావరకు దక్కుతాయి," అన్నాను.

శివరామకృష్ణ గారింటికి రోజూ సాగర్ కాలవ నీళ్ల ట్యాంకరు వచ్చేది. ఆదెమ్మక్క వెళ్లి చిన్నదాని కోసం ఒక్క బిందె అడిగింది.

"పేటోళ్లందరికీ పోస్తే మా ఇంట్లో పిల్లలేం తాగాలే? ఆ బోరు నీళ్లా?" అని కసిరాడు.

అంటే తెలుసన్నమాట, దొంగసచ్చినోడికి! ఆదెమ్మక్క ఖాళీ బిందెతో వచ్చేసింది.

కోతలు మొదలయ్యాయి. మధ్యాహ్నం కూలీలకు రైతు సోడాలివ్వడం మా దగ్గర రివాజు. ఆ రోజు ఆయన ఐదేళ్ల మనవరాలు శ్రీరమ్యను వెంటబెట్టుకుని చేలోకి వచ్చాడు. ఆదెమ్మక్క ఒక సీసా మూత తీసి పాపకు అందించింది.

"తాగమ్మా, మీ తాతగారి సోడానే!"

ఆయన ఒక్క ఉరుకున వచ్చి సీసా లాగి అవతల పారేశాడు. "పిల్లకిస్తావేంటే, బుద్ధుందా?"

"మా పిల్లలు పిల్లలు కారా అయ్యా?"

నలభై మందీ విన్నారు. కోసిన కాయ అక్కడే కుప్పపోసి గట్టెక్కారు. చుట్టుపక్కల ఏ ముఠా కూడా ఆ చేలో అడుగుపెట్టలేదు. పండు మిరప ఎండకు తెల్లబడిపోతుంటే, పదో రోజున ఆయనే ట్యాంకరు వెంట పేటకు వచ్చాడు.

"నీళ్లు రోజూ పంపిస్తాను. ఇక కోతకు రండే."

ఆదెమ్మక్క ముందు రెబ్కాకు బిందె నింపుకుంది. పేటంతా పట్టుకున్నాక జెస్సీని పిలిచి, ఆయన ముందు నిలబెట్టి, నోరు తెరవమంది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"ఇటు చూడండయ్యా. ఈ నీళ్లు ఆపితే మీ పత్తి తీతకు కూడా రాం. మిరప కోతకంటారా, నా బిడ్డ పళ్లు తెల్లబడ్డ రోజున వస్తాం."