చంద్రగిరి గోడ అవతల

కోట చూద్దాం రమ్మని మా ఆయన కార్డు రాసినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. పెళ్లయిన కొత్తలో చంద్రగిరి చూపిస్తానన్న మనిషి. మూడేళ్లు ఇదిగో అదిగో అని దాటేసి, నేను అలిగి పుట్టింట్లో కూర్చున్న అయిదో నెలలో చూపిస్తానంటాడు! "అలిగి" అన్నది మా అత్తవైపు వాళ్ల మాట. నేను అలగలేదు. ఒక ప్రశ్న అడిగాను, జవాబు రాలేదు, వచ్చేశాను.

బిడ్డను ఎక్కడ పెట్టారు? ఇదీ నేనడిగిన ప్రశ్న.

ఎనిమిదో నెలలో, చిత్తూరులో, ఊపిరి లేకుండా పుట్టిన ఆడబిడ్డ. నాకు మత్తు వదిలి తెలివి వచ్చేసరికి అంతా అయిపోయింది. ముఖం కూడా చూడలేదు. మావైపు అంత చిన్న బిడ్డల్ని కాల్చరు, పూడుస్తారు. ఎక్కడ పూడ్చారో తల్లికి మాత్రం చెప్పరు. చెబితే తల్లి ప్రాణం ఆ చోటే పట్టుకుని తిరుగుతుందట, మళ్లీ కడుపు నిలవదట. కాలేజీలో జీవశాస్త్రం చదువుకున్నదాన్ని, నాకా ఈ కథ? నెల రోజులు మంచిగా అడిగాను, నెల రోజులు పోట్లాడి అడిగాను. ఆయన తల వంచుకునేవాడు. అత్త మధ్యలో వచ్చి "వద్దమ్మా, వాడి నోరు కదిలించొద్దు" అనేది. మూడో నెల సంచి సర్దుకున్నాను.

కార్డులో రెండే వాక్యాలు. "ఆదివారం పొద్దున బండికి పాకాలకు రా, చంద్రగిరి పోదాం. ఆడ చెబుతాను."

పాకాల జంక్షను. మా పీలేరు ఒక దారి, ఆయన చిత్తూరు ఒక దారి, తిరుపతి ఒక దారి. తిరిగొచ్చేటప్పుడు నేను ఏ ఊరి బండి ఎక్కుతానన్నది ఆయన నోట్లో ఉంది. ఆ మాట ప్లాట్‌ఫారం మీదే ముఖాన చెప్పేశాను. "చెబితే చిత్తూరు. చెప్పకుంటే పీలేరు. మళ్లీ కార్డు ముక్కలు రాయొద్దు."

"చెబుతానంటి కదమే" అన్నాడు. సన్నబడ్డాడు. చొక్కా కాలరు మెడచుట్టూ వదులుగా తిరుగుతోంది. చూసి జాలిపడకూడదని కిటికీ వైపు తిరిగాను.

అప్పట్లో ఇంకా చిన్న పట్టాల బండే. చెక్కబల్లల మీద మా ఇద్దరి మధ్య చిత్రాన్నం క్యారియరు పెట్టుకుని కూర్చున్నాం. ఎదుట పూలగంపతో ఒకామె, తిరుపతికి పోతోంది. కాసేపు మమ్మల్ని అటూ ఇటూ చూసి, ఊరుకోలేక అడిగింది.

"పిల్లకాయలెంత మందిమ్మా?"

"లేరు" అన్నాడాయన.

"ఒక్కటి" అన్నాను నేను.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఆమె నోరు తెరిచి, మూసి, మూరెడు మల్లెపూలు తుంచి నా ఒళ్లో పెట్టి, ఇంక చంద్రగిరి దాకా మాట్లాడలేదు. నేను ఆ పూలు పెట్టుకోలేదు, పారెయ్యనూ లేదు. చేతిలోనే నలిగిపోయాయి.

స్టేషను దగ్గర జట్కా ఎక్కితే కోటగోడ దగ్గర దించాడు. గోడ అంటే మామూలు గోడా! సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి, ఎవరో ఏనుగుల్ని పేర్చినట్టు. ఒకప్పుడు ఆ గోడల లోపల ఊరే ఉండేదట, వీధులు, అంగళ్లు, దేవళాలు. మేము పోయిననాటికి చెనిక్కాయ చేలు, కంపచెట్లు. రాజు మహలూ రాణి మహలూ మాత్రం అద్దె ఇళ్లలా ఖాళీగా నిలబడి ఉన్నాయి. రాజు మహల్లో ఎక్కడెక్కడివో రాతి విగ్రహాలు తెచ్చి వరసగా నిలబెట్టారు. ఒకదానికి ముక్కు లేదు, ఒకదానికి చెయ్యి లేదు. ఒక తల్లి విగ్రహం చంకలో బిడ్డ ఉండాల్సిన చోట రాయి చెక్కు లేచిపోయింది. నేను దాని ముందు ఆగాను. ఆయన ఆగకుండా ముందుకు పోయాడు.

బయటికొచ్చాక గోడ నీడన నడుస్తూ ఆయన మొదలుపెట్టాడు. "సూడు, ఈ రాళ్లు ఎట్ట కూసోబెట్టినారో. సూది గూడా దూరదు."

"గోడ గురించి చెప్పడానికా పాకాలకు పిలిపించినావు?"

"తిన్నాక చెబుతా."

"తిన్నాక ఎండంటావు. బండిలో జనమంటివి, మహల్లో కావలోడంటివి. ఈడ ఎవురుండారు? రాతి బొమ్మలన్నా వింటాయనుకుంటే, వాటికి చెవులు కూడా సగమే ఉండాయి."

ఆయన నవ్వలేదు. పెదవులు మాత్రం కదిలాయి. నాకు ఒళ్లు మండింది. క్యారియరు అక్కడే పెట్టేసి గోడ వెంబడి విసవిసా నడిచాను. గోడలో ఒకచోట రాళ్లు కూలి సందు పడి ఉంది. అందులోంచి అవతలికి దూరి, పాడుపడిన మంటపం చుట్టూ తిరిగి, వెనక్కి చూస్తే మనిషి లేడు. వెంట వస్తున్నాడనే అనుకున్నాను.

మొగుణ్ణి పేరుపెట్టి పిలవడం మా ఇళ్లలో లేదు. ఎంత వాదించేదాన్నయినా ఆ ఒక్క అలవాటు నాలుక వదల్లేదు. "ఏమయ్యా!" అని అరిచాను.

నా గొంతు గోడకు తగిలి నా వీపు వెనకనుంచి వచ్చింది. సన్నగా, నాది కానట్టు. తర్వాత ఏ చప్పుడూ లేదు. మధ్యాహ్నం ఎండలో చల్లగా అనిపించింది. రెండోసారి పిలవలేదు. ఒక్కసారికి పలకని మనిషిని రెండోసారి పిలిచే రకం కాదు నేను.

మంటపం వెనకనుంచి మేకలు తోలుకుంటూ ఒక ముసలామె వచ్చింది. "అమ్మణ్ణీ, ఎవురిని పిలస్తా ఉండావు?"

"మా ఆయన్ని."

"ఇంకో రెండుతూర్లు పిలువు. ఇట్టాంటి పాడు తావుల్లో ఒక్క పిలుపుకు ఎవురూ పలకరు. ఒక్కతూరే పిలిచేది మనిషి కాదు."

"నేను మనిషినే అవ్వా. ఒక్కతూరికే పలకాల."

"అబ్బో! ఆయనా నీ మాదిరే ఉంటే ఇద్దురూ ఈడనే ఉండిపోతారు పో. నా మేకలకు తోడు." నవ్వుతూ మేకల్ని అదిలించి పోయింది.

నేను వచ్చిన సందులోంచే వెనక్కి దూరాను. ఆయన అక్కడే ఉన్నాడు. నేను అరిచిన చోటికి గోడ మందం అవతల, రాళ్లకు వీపు ఆనించి, రెండు చెవులూ మూసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇంత దగ్గరుండి పలకలేదే!"

"ఒక్కతూరే వినపడింది" అన్నాడు. "నువ్వో కాదో."

అంతవరకూ ఆయన్ని అంత భయంతో చూడలేదు. పక్కన కూర్చున్నాను. అడగలేదు. అడక్కుండా ఉండడం నా జన్మలో అదే మొదలేమో. కొంతసేపటికి ఆయనే చెప్పాడు.

"చిత్తూరు కాడ నీవా ఏట్లో పెట్టినాము. నేనూ, అమ్మ తమ్ముడు మామా. తెల్లారతా ఉండాది. మామ గుంత తీసినాడు, నేను పడుకోబెట్టినా. పూడ్చినాక, ఎనక్కి తిరగొద్దురా, నేరుగా నడువు అన్నాడు. పది అడుగులేసినామో లేదో ఎనకనించి ఒక కూత. ఒక్కటే. సన్నగా. మామను అడిగితే నాకేం ఇనపడలేదన్నాడు. ఒక్కతూరే గదా, ఒక్క పిలుపుకు పలకకూడదని అమ్మ చెప్పింది గదా అని... నేను తిరగలే."

నేను ఆయన వైపు తిరిగాను.

"పిట్టేమో. తీతువుపిట్టలు ఉంటాయి ఆడ. పిట్టే అనుకుంటా. తావు యాడని నువ్వడిగినప్పుడంతా ఇది గూడా చెప్పాల గదా. చెప్తే నువ్వు, తిరిగి చూసుంటే ఏమయ్యేది అంటావు. దానికి నా కాడ జవాబు లేదు."

అవును, అనేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇన్ని నెలలుగా వీళ్లు నాకు మూఢనమ్మకం పెట్టి నోరు మూస్తున్నారని రగిలిపోయాను. ఆయన దాచింది తావును కాదు, ఆ కూతను. ఆయన చేతులు ఒళ్లో చాచుకున్నాడు. గోరు సందుల్లో ఇంకా ఇసుక ఉందేమో అన్నట్టు వాటినే చూసుకుంటున్నాడు.

అప్పుడు నేను అబద్ధం చెప్పాను.

"పిట్టే" అన్నాను. "మీ మామ చేతికి ఇచ్చేముందు నర్సమ్మ బిడ్డను నా పక్కన పడుకోబెట్టింది. నేను మత్తులో ఉండానని మీరనుకున్నారు. చేత్తో తాకి చూసినాను. చల్లగా ఉండింది. గంటసేపు నా పక్కనే ఉండింది. ప్రాణముంటే నాకు తెలీదా?"

"నిజమా?"

"నేను ఎప్పుడన్నా ఉత్తమాట చెప్పినానా?"

చెప్పలేదు. అందుకే నమ్మాడు. ఊపిరి అంతా బయటికి వదిలి తల నా భుజం మీద పెట్టాడు. గోడ అంత బరువు. చాలాసేపటికి లేచి, క్యారియరు విప్పి, చిత్రాన్నం ముద్ద నోట్లో పెట్టుకుని "ఉప్పు చాల్లేదే" అన్నాడు. మామూలు మొగుడిలా.

పాకాలలో దిగి చిత్తూరు బండి ఎక్కాను. పీలేరు బండి అవతలి ప్లాట్‌ఫారం మీద చాలాసేపు నిలబడే ఉంది. నేను దాన్ని చూడలేదు. చిత్తూరులో దిగి "ఇంటికి ముందు ఏటికి పోదాం" అన్నాను. ఆయన కాదనలేదు.

నీవాలో నీళ్లెప్పుడున్నాయి! ఇసుక, అక్కడక్కడా తుంగ. పొద్దుగూకుతోంది. ఇసుక తోలిన బండ్ల చాళ్లు, తవ్వి వదిలేసిన గుంతలు. ఆయన గట్టు దిగి ఒకచోటికి నేరుగా నడిచి ఆగాడు. "ఈడ." ఇంకాస్త ముందుకు పోయి చుట్టూ చూశాడు. "కాదు, ఆ తుంగకు ఈ పక్కన. ఆ పొద్దు ఇంత తవ్వలేదు."

"ఒక తావు చెప్పు" అనలేదు నేను. రెండుచోట్లా కూర్చున్నాను. రెండుచోట్లా ఇసుక మీద చెయ్యి పెట్టాను. పగటి ఎండ తాగి ఇసుక ఇంకా వెచ్చగా ఉంది, రెండుచోట్లా.

ఎక్కడో తుంగలో పిట్ట అరిచింది. ఆయన సంతోషంగా నావైపు తిరిగాడు. "అదే! అదే కూత! ఇన్నావా?"

"విన్నాను" అన్నాను.

అది పిట్టే. పిట్టల శాస్త్రం చదివినవాళ్లను ఎవర్ని అడిగినా చెబుతారు. ఆ రోజు ఆయన విన్నది ఇదేనా కాదా అన్నది మాత్రం ఏ శాస్త్రమూ చెప్పదు. నేను బిడ్డను తాకలేదు. చల్లగా ఉందో వెచ్చగా ఉందో నాకు తెలియదు. అంతవరకూ ఆ సందేహం ఆయన ఒక్కడిదే. ఇప్పుడు నాది కూడా. కాదు, నా ఒక్కదానిదే. ఆయన చేతిలోంచి తీసుకుని నేను పెట్టుకున్నాను, తిరిగి ఇచ్చే దారి లేదు.

ఇంటికి పోయేసరికి అత్త గడపలో నిలబడి ఉంది. నన్ను చూసి కాళ్లకు నీళ్లిచ్చింది. సంగటీ, నంజుకోడానికి ఊరుబిండీ పెట్టింది. ఆయన అడిగి రెండో ముద్ద పెట్టించుకున్నాడు. "ఎన్నాళ్లకురా!" అని అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ రేపటి పాలవాడి గురించి ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను వేళ్లతో సంగటి కలుపుతూ, వాళ్ల మాటల అవతలికి, ఏటి వైపుకి చెవి పెట్టి కూర్చున్నాను.