కూడలిలో ఆవిడ నవ్వు

ఫొటో మాస్టారు ముప్పై ఏళ్ళుగా జనాన్ని నవ్వమని బతిమాలుకుంటూ బతికిన మనిషి. తను మాత్రం నవ్వితే ఒట్టు. ఆయన తీసిన ఫొటోలు క్యాలెండర్ల మీదా, కరపత్రాల మీదా, ఎవరెవరి గోడల మీదో తేలేవి. ఎవరూ ఆయన్ని అడిగింది లేదు, పైసా ఇచ్చింది లేదు. "పోనీలే, నలుగురూ చూస్తున్నారుగా" అని సరిపెట్టుకునేవాడు. ఆ మెతకదనం చూస్తే భార్యకు ఒళ్ళు మండేది. "మీ కష్టానికి విలువ లేదా?" అని దులిపేసేది.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి ఆయనకు ఆకలీ తెలియదు, ఏడుపూ రాదు. పొద్దున స్టూడియో షట్టరు ఎత్తుతాడు, సాయంత్రం దించుతాడు, అంతే.

ఒకరోజు ప్రింటు కాగితం కొనడానికి వెళ్తూ కూడలిలో తలెత్తాడు. మూడంతస్తుల ఎత్తు బోర్డు మీద ఆవిడ నవ్వుతోంది. కింద ఏదో పళ్ళ ఆసుపత్రి పేరు. ఎప్పుడో తను తీసి నెట్‌లో స్టూడియో పేజీలో పెట్టిన ఫొటోనే. వెనకున్న వంటింటి కిటికీని చెరిపేసి నీలం రంగు పూశారు. గుండె ఆగిపోవాల్సిన చోట ఏమీ కాలేదు. కాగితం కొనుక్కుని ఇంటికొచ్చేశాడు. కానీ, పోయిన ఫొటోలన్నీ పోయాయి, ఇదొక్కటీ పోనివ్వకూడదని మాత్రం అనుకున్నాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాడు.

"నెట్‌లో దొరికిందండీ. నెట్‌లో ఉన్నదానికి ఓనరేంటి?" అన్నాడు మేనేజరు.

"తీసినవాడే ఓనరు."

"మీరే తీశారని ఏంటి నమ్మకం?"

మాస్టారికి ఒక పిచ్చి అలవాటుంది. చెడిపోయిన ఫొటోలు కూడా పారెయ్యడు. చెత్త దాచడానికి డిస్కులు కొంటాడని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి, ఆ ఫొటోకి ముందు తీసింది చూపించాడు. ఆవిడ గరిటె ఎత్తి కసురుకుంటోంది. తర్వాత తీసింది చూపించాడు. కళ్ళు మూతపడి, జుట్టు చెదిరిపోయి ఉంది.

"ఈ రెండూ మీ నెట్‌లో ఉంటే చూపించండి" అన్నాడు మర్యాదగానే.

మేనేజరు లేచి ఆయనకు కుర్చీ వేశాడు. "బాబాయ్ గారూ, రేటెంతో చెప్పండి. మూలన మీ పేరు కూడా వేయిస్తాం. ఇంకో ఏడాది ఉండనివ్వండి."

ముప్పై ఏళ్ళలో పేరు వేస్తానన్నవాడు ఇతనొక్కడే. మాస్టారికి అదీ ఏమీ అనిపించలేదు.

"ఇన్నాళ్ళు వాడుకున్నదానికి కట్టండి. బోర్డు దించెయ్యండి."

కట్టారు. ఆ వారంలోనే దించేశారు.

దించిన రోజు సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి వచ్చి, భుజాన బ్యాగు తియ్యకుండానే నిలబడిపోయింది.

"అమ్మ బోర్డు తీసేశారు నాన్నా."

"నేనే తీయించానమ్మా. డబ్బు కూడా కట్టించుకున్నా." శభాష్ అంటుందనుకున్నాడు.

ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. "పెట్టినప్పటినుంచీ రోజూ ఒక స్టాపు ముందే దిగి, దాని కిందనుంచి నడిచొస్తున్నా. అమ్మ ఫొటో అంటే నువ్వు ఊరుకోవు, తీయించేస్తావనే నీకు చెప్పలేదు."

"అది నా ఫొటో కదే. నేను తీసింది."

"తీసింది నువ్వే. నీ వెనక నిలబడి కోతి వేషాలేసి అమ్మని నవ్వించింది నేను."

కూతురు లోపలికెళ్ళాక మాస్టారు ల్యాప్‌టాప్ తెరిచి ఫొటోని పెద్దది చేశాడు. నిజమే, ఆవిడ చూపు కెమెరా మీద లేదు, ఆయన భుజం మీదుగా వెనక్కి పోతోంది. ఇన్నేళ్ళూ తనను చూసే నవ్విందనుకున్నాడు.