ఏసురత్నం గారి వైరింగు

మొన్న మా స్కూలు ల్యాబ్‌లో ఒక స్విచ్చి కాలింది. పెద్ద ప్రమాదమేమీ కాదు. సన్నగా పొగ లేచింది, మెయిన్ ఆపేశాం. కానీ ఆ కాలిన వాసన, గొంతులో పట్టుకునే ఆ ఘాటు, సాయంత్రం దాకా నా చీర కొంగును వదల్లేదు. ఇరవై ఏళ్ళ కిందట జంగారెడ్డిగూడెం నుంచి వస్తూ రోడ్డు మీద ఇదే వాసన పీల్చాను. అది ఎక్కడి నుంచి వస్తోందో ఆ క్షణమే నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. అందుకు నష్టపోయింది నేను కాదు, ఏసురత్నం గారు.

ఆయన రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు వెనక వీధిలో ఉండే ఆటో ఎలక్ట్రీషియన్. రేకుల షెడ్డు, ఒక బల్ల, పనిముట్ల పెట్టె. బోర్డు కూడా ఉండేది కాదు. నాన్నగారు తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాక మోజుపడి ఒక పాత అంబాసిడర్ కొన్నారు. నాకంటే వయసులో పెద్దది. దాన్ని నడిపేది మాత్రం నేనే. అప్పటికి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, టీచరుగా చేరి నాలుగేళ్ళయింది. ఆ కారుకి ఎడమ హెడ్‌లైటు గుడ్డిగా వెలిగేది. బల్బు మార్చాను, మళ్ళీ మార్చాను, ఫ్యూజు మార్చాను. లైటు ఎప్పటిలాగే ఉంది. చివరికి ఎవరో చెబితే ఏసురత్నం గారి దగ్గరికి తీసుకెళ్ళాను.

అరవైకి దగ్గరపడిన మనిషి, బక్కపలచగా ఉన్నారు. తెల్లచొక్కా మీద ఒక్క మరక లేదు. నేను చెప్పేదంతా ఓపిగ్గా విని, "మీరు చూసిందెంతమ్మా, అనుకున్నదెంత? రెండూ విడివిడిగా చెప్పండి," అన్నారు. నాకు కోపం వచ్చింది. ఫిజిక్స్ టీచర్నని చెప్పాను.

"మీరు చదువుకున్నది కరెక్టేనండి. కారు చదువుకోలేదు కదండి," అని నవ్వారు.

బ్యాటరీ మైనస్ నుంచి ఒక పొడవాటి వైరు తెచ్చి, బల్బు వెనక ఎర్త్ దగ్గర ఆనించారు. గుడ్డి లైటు ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. వైరు తీశారు, మళ్ళీ గుడ్డిదైంది. ఆ తర్వాత మడ్‌గార్డు లోపల తుప్పుపట్టిన ఒక మరని చూపించారు. దాన్ని విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, వ్యాజలీన్ రాసి బిగించారు. "వెళ్ళే దారి అందరూ చూస్తారమ్మా. కరెంటు తిరిగొచ్చే దారి కూడా బాగుండాలి కదా," అన్నారు. ఎన్నోసార్లు బోర్డు మీద గీసిన సర్క్యూటే అది. అయినా అది నాకు అర్థమైంది ఆ రోజే.

అప్పటినుంచి శనివారాలు ఒంటిపూట బడి కాగానే ఏదో ఒక వంకతో ఆ షెడ్డుకి వెళ్ళేదాన్ని. ఆదివారం ఆయన పెట్టె ముట్టేవారు కాదు, చర్చిలో ఉండేవారు. వైరులో కరెంటు ఉంటే వెలిగే టెస్ట్ ల్యాంపు నా చేతికిచ్చి, బ్యాటరీ దగ్గర మొదలుపెట్టించేవారు. అక్కడి నుంచి స్విచ్చికి, స్విచ్చి నుంచి కాలితో నొక్కే డిమ్ స్విచ్చికి, అక్కడి నుంచి బల్బుకి. ఎక్కడిదాకా వెలుగు వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది. మధ్యలో దూకనిచ్చేవారు కాదు. "తొందరపడితే తప్పు మీరు వెతికే చోట ఉండదండి," అనేవారు. నేను ఈనాటికీ పిల్లలకి పాఠం చెప్పే తీరు అక్కడ నేర్చుకున్నదే. కాలేజీలో నేర్చుకున్నది కాదు.

ఒక వేసవిలో హెడ్‌లైట్ల వైరింగు మొత్తం మార్చారు. రెండు రోజులు పట్టింది. పాత వైరు ఒక్కొక్కటీ తీసి, కొత్తది కొలిచి, గుడ్డ టేపు చుట్టి, పువ్వులు కట్టినంత శ్రద్ధగా అమర్చారు. లైట్లు బాగా వెలిగాయి కానీ, ఎదురొచ్చే లారీల ముందు అవి నాకు చాలేవి కావు. పెద్ద బల్బులు పెట్టమన్నాను.

"ఈ వైరు, ఈ స్విచ్చి, ఈ బల్బుకే సరిపోతాయమ్మా. పెద్దవి కావాలంటే రిలే పెట్టాలి. బరువంతా స్విచ్చి మీద పడకుండా అది మోస్తుంది. వచ్చేవారం తెప్పిస్తాను. అందాకా ఆగండి."

నేను ఆగలేదు. ఆ బుధవారమే పని మీద సామర్లకోట వెళ్ళి, అక్కడ ఒక కొట్లో పెద్ద హాలోజన్ బల్బులు కొని, ఇంటి ముందే నా చేతులతో బిగించుకున్నాను. ఆ వెలుతురు చూసి ఎంత మురిసిపోయానో! నాన్నగారికి కూడా చెప్పలేదు. ఏసురత్నం గారికి నేనే చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. అది గర్వమే. ఇప్పుడు దానికి వేరే పేరు పెట్టలేను.

ఆ శనివారం నాన్నగారితో కలిసి జంగారెడ్డిగూడెంలో చుట్టాలింటికి వెళ్ళి, తిరిగి వస్తున్నాం. పొద్దు గుంకింది. లైట్లు వేసి గంట కూడా కాలేదు. కాళ్ళ దగ్గర నుంచి కాలిన వాసన వచ్చింది. డిమ్ స్విచ్చేనని తెలిసి కిందికి చూసేలోపే రెండు లైట్లూ ఆరిపోయాయి. మలుపు కనపడలేదు. కారు రోడ్డు దిగి కల్వర్టు గోడకి కొట్టుకుంది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. నాన్నగారికి తుంటి విరిగింది.

ఆసుపత్రిలో చూడటానికి వచ్చినవాళ్ళందరూ అడిగిన ప్రశ్న ఒకటే. లైట్లు ఎందుకు ఆరిపోయాయి? మా చిన్నాన్నే జవాబు చెప్పాడు. "మొన్ననే ఆ ఏసురత్నం వైరింగు మార్చాడు. పెద్దవాడైపోయాడు, కళ్ళు ఆనడం లేదేమో." నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. కాదని ఒక్క మాట అంటే చాలు. నాన్నగారు నొప్పితో పళ్ళు బిగబట్టి ఉన్నారు. ఆయన మొహం చూసి, తలగడ సర్దాను. ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు ఏసురత్నం గారే వచ్చారు, చేతిలో బత్తాయిల సంచితో. నాన్నగారిని పలకరించి, "కారు ఒకసారి చూస్తానండి," అన్నారు. పెరట్లోకి వెంట వెళ్ళాను. కాలి దగ్గర డిమ్ స్విచ్చి కరిగి ముద్దయి ఉంది. దాన్ని చూసి, లేచి, ముందుకెళ్ళి పగలకుండా మిగిలిన బల్బును బయటికి తీశారు. దాని మీది అక్షరాలను కళ్ళద్దాలు సర్దుకుని చదివారు.

"బల్బులు ఎవరు మార్చారమ్మా?"

"తెలీదండి," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. ఎంతసేపో కాదు. బల్బును మళ్ళీ దాని చోట పెట్టి, చేతులు తుడుచుకున్నారు. కిటికీలోంచి నాన్నగారు కేకేశారు. "ఏమైంది రత్నం?"

"స్విచ్చి కాలిపోయిందండి."

"మొన్ననే గదయ్యా వైరింగంతా చేశావు!"

"అవునండి," అన్నారు ఏసురత్నం గారు. నాకు నమస్కారం చేసి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆయన దగ్గర ఎప్పుడూ కార్లు చేయించుకునే ట్యాక్సీల వాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఏడాది తిరక్కుండానే షెడ్డు మూతపడింది. తునిలో నర్సుగా పనిచేసే కూతురు సువార్త దగ్గరికి వెళ్ళిపోయారని విన్నాను. నేను రేపు వెళదాం, సెలవుల్లో వెళదాం అనుకుంటూ పన్నెండేళ్ళు గడిపాను. ఈలోపు నాన్నగారు పోయారు. చివరిదాకా ఆయన కర్రతోనే నడిచారు, చివరిదాకా ఏసురత్నం గారినే తప్పుపట్టారు.

నాన్నగారి సంవత్సరీకాలు అయ్యాక తుని వెళ్ళాను. ఏసురత్నం గారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను గొంతుతోనే గుర్తుపట్టారు. సువార్త గారు మంచినీళ్ళిచ్చి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. నేను ఇక ఆగలేక గొంతు తగ్గించి చెప్పేశాను. బల్బులు నేనే మార్చానని, ఆ రోజు అబద్ధమాడానని.

"తెలుసమ్మా," అన్నారు. "ఆ బల్బు దగ్గర మరలు బిగించిన చెయ్యి ఎవరిదో నాకు తెలీదా? నేర్పింది నేనే కదా."

"మరి నాన్నగారికి ఎందుకు చెప్పలేదండి?"

"ఆయన మంచం మీద ఉన్నారు. పక్కన చేసేది మీరొక్కరే. మీ మీద నమ్మకం పోతే ఆయన ఎవరిని పట్టుకుని లేస్తారమ్మా?"

నేను ఏడుస్తుంటే మెల్లగా అన్నారు. "నాకెందుకండి చెప్పడం? నాకు తెలుసు కదా. తెలియని వాళ్ళకి చెప్పండి." అని వంటింటి వైపు మొహం తిప్పారు. టీ కోసం చూస్తున్నారనుకున్నాను. సువార్త గారు టీ తెచ్చారు. ఎండల గురించి, రైళ్ళ గురించి మాట్లాడుకున్నాం. నేను సెలవు తీసుకున్నాను.

ఊళ్ళో చెప్పాను. మా చిన్నాన్నకి చెబితే, "ఎప్పటి సంగతో, పోనీలే," అన్నాడు. ఒక ట్యాక్సీ యజమానికి చెబితే ఆయనకి ఏసురత్నం గారి పేరే గుర్తురాలేదు. చెప్పాల్సిందంతా చెప్పేశాననుకున్నాను.

కిందటేడు ఏసురత్నం గారు పోయారు. జ్ఞాపకార్థ కూడికకి తుని వెళ్ళాను. ప్రార్థనయ్యాక ఎవరైనా రెండు మాటలు మాట్లాడమన్నారు. లేచి నిలబడి, ఆయన నాకు నేర్పింది చెప్పాను, నేను ఆయనకి చేసింది కూడా చెప్పాను. అందరూ తలలు వంచుకుని విన్నారు. బయటికి వస్తుంటే సువార్త గారు నా వెనకే వచ్చారు. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"నాన్న మాకు ఎప్పుడూ చెప్పలేదండి. ఆ ప్రమాదం ఆయన వల్లే జరిగిందనుకున్నాం. చూపు తగ్గింది, ఈసారి ఎవరి ప్రాణమో పోతుంది అని గొడవపెట్టి, ఆయన చేత షెడ్డు మూయించింది నేనేనండి. పనిముట్లు కూడా నేనే అమ్మించేశాను. ఆయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఆ రోజు మీరు మా ఇంటికొచ్చారు. నా చేతి టీ తాగారు. అప్పుడైనా ఈ మాట నాతో అనుంటే, ఆయన ఉండగా నేను ఒక్కసారి క్షమించమని అడిగేదాన్ని కదండీ."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. కళ్ళు తుడుచుకుని, వచ్చినవాళ్ళకి భోజనాలు చూడటానికి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయన మొహం తిప్పిన ఆ వంటిల్లు వరండాకి మూడడుగుల దూరం.