చూరులో గ్లాసు

మా నాన్న బడిపంతులు, ఎర్రజెండా మనిషి. అన్నం లేకపోయినా ఉండేవారు గానీ టీ లేకపోతే తలనొప్పి. అలాంటి మనిషి తొంభైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, వినుకొండ రోడ్డు పక్కనున్న మా ఊరి హోటల్లో టీ మానేశారు. అక్కడ మాలాంటి రైతుల ఇళ్లవాళ్లకు బల్ల మీద గ్లాసు. దళితవాడ వాళ్లకు చూరులో గ్లాసు. బయట నిలబడి తాగి, వాళ్లే కడిగి మళ్లీ చూరులో పెట్టాలి. ఈ పద్ధతి పోయేదాకా ఇంట్లో కూడా టీ ముట్టనని నాన్న ఒట్టు పెట్టుకున్నారు.

ఏడాది గడిచింది. గ్లాసులు చూరులోనే ఉన్నాయి. నాకు ఒళ్లు మండేది.

"మీరొక్కరు మానేస్తే ఆయన పొయ్యి ఆరిపోద్దా నాన్నా?"

నాన్న నుదుటికి శొంఠిగంధం పట్టు వేసుకుంటూ, "నా మనసుకైనా తెలియాలి కదమ్మా" అనేవారు.

మిరపకోతల రోజుల్లో, దళితవాడ కూలీల ముఠాను నడిపే ఆమె మా ఇంటికొచ్చింది. మాటల్లో నాన్న తన ఒట్టు సంగతి చెప్పారు. ఆమె నవ్వాపుకోలేకపోయింది.

"ఒంట్లో బాగోక మానేశారనుకున్నాం మేష్టారూ. మానితే ఎవరికి తెలుసుద్దండీ? రేప్పొద్దున మేమంతా బల్లల మీద కూచుంటాం. మీరొచ్చి మా గ్లాసులో తాగండి."

నాన్న ముఖం చిన్నబోయింది. కానీ తెల్లారగానే నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు.

బల్లల నిండా కోత కూలీలు. హోటలాయన గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. నాన్న చూరులోంచి గ్లాసు తీసి చాపారు. ఏడాది తర్వాత టీ. కళ్లు మూసుకుని తాగారు. తాగి, అక్కడి రివాజు ప్రకారం తనే కడిగారు. కడిగిన గ్లాసును చూరులో పెట్టకుండా లోపలి గ్లాసుల మధ్య బోర్లించారు. ఆయన వెనక ఆమె, ఆమె వెనక ముఠా అంతా అలాగే చేశారు. అన్నీ ఒకే కొట్లో కొన్న గాజు గ్లాసులు. ఏది ఎవరిదో హోటలాయన ఇక పోల్చుకోలేకపోయాడు.

ఆ తర్వాత మా పెదనాన్న రెండేళ్లు మా గడప తొక్కలేదు. నాన్న దానికి బాధపడ్డారు గానీ టీకి వెళ్లడం మానలేదు.

గ్లాసులు కలిసిపోయిన ఆ పొద్దునే, హోటల్ ముందు ముఠా ఆమె అడిగింది: "తలనొప్పి తగ్గిందా మేష్టారూ?"

నాన్నంటే నాకెప్పుడూ గొప్పే. అయితే ఆయన టీ మానినందుకు కాదు, ఆమెకిచ్చిన జవాబుకే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

"తగ్గిందమ్మా. ఏడాది కిందటే మిమ్మల్ని అడగాల్సింది."